డ్రిప్ వేశాక నీళ్ళు మిగలాలి కదా, మరి బోరు ఎందుకు ఎండుతోంది?

బోరుబావి
ఆరేళ్ళ కిందట పొలానికంతా డ్రిప్ వేయించాను. అంతకుముందు బోదెల్లో పారించేవాళ్ళం. ఎకరానికి వాడే నీళ్ళు 40 శాతం దాకా తగ్గుతాయని అమ్మినవాళ్ళు చెప్పారు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే తగ్గాయి. మోటారు ఎన్ని గంటలు తిరిగిందో రోజూ పుస్తకంలో రాసుకునే అలవాటు నాది, అందుకే గట్టిగా చెప్పగలుగుతున్నాను.

నా గొడవేంటంటే, బోరులో మట్టం మునుపటికన్నా వేగంగా దిగుతోంది. ఈ ఆరేళ్ళలో రెండుసార్లు పైపులు దించాను. వానలు మరీ తక్కువేం పడలేదు. ఏడాది మొత్తానికి మోటారు గంటలు చూసుకుంటే దాదాపు పాతంతే, పెరగలేదు. నన్ను చూసి చుట్టుపక్కల వాళ్ళూ డ్రిప్ వేశారు, వాళ్ళదీ ఇదే వరస. అందరం పొదుపు చేస్తున్నాం, అందరి బోర్లూ ఎండుతున్నాయి. లెక్క ఎక్కడ తప్పింది?

"అంతా వాతావరణ మార్పు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు కాస్త ఆగండి. అది నాకూ తెలుసు. నాకు కావాల్సింది లెక్క.

సగంచదివినవాడు
మోటారు గంటలు పుస్తకంలో రాసుకునే మనిషిని మొదటిసారి చూస్తున్నా. దండం సామీ.

గడ్డిపరక
లెక్కేం లేదండీ, ఆశ. మనిషికి ఎంతిచ్చినా చాలదు. భూమికి పట్టిన చీడ మనమే.

లెక్కలపిచ్చి
గడ్డిపరక గారూ, చీడ సంగతి తర్వాత చూద్దాం. బోరుబావి గారూ, ఒక్క ప్రశ్న. డ్రిప్ వేయకముందు ఎన్నెకరాలు తడిసేది, ఇప్పుడెన్ని?

బోరుబావి
అప్పుడు నాలుగు. ఇప్పుడు ఏడు. మిగిలిన నీళ్ళతో బీడుగా పడున్న మూడెకరాలు సాగులోకి తెచ్చాను. నీళ్ళు మిగిలితే ఊరికే వదిలేస్తామా ఎవరమైనా?

... టైపు చేస్తుంటే నాకే ఏదో తడుతోంది. కానీ మోటారు గంటలు పెరగలేదు కదా? తోడింది అంతే అయినప్పుడు మట్టం ఎందుకు దిగాలి?

లెక్కలపిచ్చి
మొదటి సగం నేను చెప్తా. రెండో సగం, అంటే ఆ మోటారు గంటల చిక్కుముడి, నీటి పని చేసినవాళ్ళెవరైనా విప్పాలి.

1865లో ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త ఒక విచిత్రం పట్టుకున్నాడు. జేమ్స్ వాట్ తయారుచేసిన ఆవిరి యంత్రం పాతవాటికన్నా చాలా తక్కువ బొగ్గుతో అంతే పని చేసేది. మరి దేశంలో బొగ్గు వాడకం తగ్గాలి కదా? ఆకాశానికంటింది. ఎందుకంటే పాత యంత్రం బొగ్గు గని పక్కన తప్ప ఇంకెక్కడా పెద్దగా గిట్టేది కాదు. కొత్తది మిల్లులో గిట్టింది, రైల్లో గిట్టింది, ఓడలో గిట్టింది. ఒక్కో యంత్రం తక్కువ తిన్నది. యంత్రాల సంఖ్య ఎన్నో రెట్లయింది.

మీ మూడెకరాల బీడూ అంతే. పాత పద్ధతిలో దానికి నీళ్ళు పెట్టడం గిట్టేది కాదు, ఇప్పుడు గిట్టింది. పొదుపు వల్ల నీళ్ళు మిగల్లేదు, నీళ్ళు చవకయ్యాయి. చవకైన వస్తువును మనిషి ఎక్కువ వాడతాడు. ఇందులో ఆశా లేదు, పాపమూ లేదు.

గడ్డిపరక
పాపం లేదంటే ఎలా? చివరికి భూమికి జరిగేది అదే కదా.

పొగగొట్టం
లెక్కలపిచ్చితో సగమే ఏకీభవిస్తా. ఈ జెవన్స్ కథ చెప్పి "పొదుపు దండగ" అనేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇంట్లో ఫ్రిజ్ తక్కువ కరెంటు తాగుతోందని రెండో ఫ్రిజ్ కొంటామా? కొన్నిచోట్ల పొదుపు పొదుపుగానే మిగులుతుంది.

సగంచదివినవాడు
మా ఇంట్లో కొన్నాం. రెండో ఫ్రిజ్. మేడ మీద ఉంది.

పొగగొట్టం
నువ్వు నా వాదన మొత్తం పాడుచేశావు.

ఊటచెలమ
నేల కింది నీళ్ళు కొలిచే పని పదిహేనేళ్ళు చేశాను. మోటారు గంటల చిక్కుముడి నాకొదిలేయండి. అంకెలు ఊహించి చెప్తున్నా, బోరుబావి గారి నేలలో అచ్చంగా ఇంతే ఉంటాయని కాదు.

పాత పద్ధతిలో ఎకరానికి 100 బిందెలు తోడారనుకుందాం. అందులో మొక్క తాగింది 50. ఎండకు ఆవిరైంది 10. మిగతా 40 బోదెలోంచి నేలలోకి ఇంకింది. మనం దాన్ని "వృథా" అంటాం. అది ఎక్కడికి పోయింది? చాలావరకు మళ్ళీ మీ బోరు ఉన్న పొరలోకే దిగింది. అంటే ఎకరానికి నికరంగా ఖర్చైంది 60. నాలుగెకరాలకు 240.

డ్రిప్‌లో ఎకరానికి 60 తోడతారు. మొక్క తాగేది అదే 50. ఆవిరి 5. కిందికి ఇంకేది 5. నికర ఖర్చు ఎకరానికి 55. ఏడెకరాలకు 385.

ఇప్పుడు మోటారు చూడండి. అప్పుడు తోడింది 400, ఇప్పుడు 420. మీ పుస్తకంలో గంటలు దాదాపు ఒకటే. కానీ నేల నుంచి శాశ్వతంగా పోయింది 240 కాస్తా 385 అయింది. మోటారు తోడిన నీళ్ళు లెక్కపెడుతుంది, తిరిగొచ్చిన నీళ్ళు లెక్కపెట్టదు. మీ పుస్తకంలో ఖర్చు పేజీ ఉంది, జమ పేజీ లేదు.

బోరుబావి
రెండుసార్లు చదివాను. అంటే మా నాన్న బోదెలు పారిస్తుంటే "నీళ్ళు నేలపాలు చేస్తున్నావు" అని నేను తిట్టిందంతా...

ఊటచెలమ
నేలపాలే. నేల దాచిపెట్టింది.

నేలగంధం
ఊటచెలమ గారి లెక్క బాగుంది గానీ అన్ని నేలలకూ కుదరదు. కింద గట్టి రాతి పొర ఉంటే ఇంకిన నీళ్ళు బోరు దాకా పోవు, పక్కకు జారి ఏ వాగులోనో తేలతాయి. లోతు ఎక్కువైతే దిగడానికి ఏళ్ళు పడుతుంది. పైగా బోదెల్లో పారే నీళ్ళు ఒట్టిగా దిగవు, యూరియాను కూడా కిందికి మోసుకుపోతాయి. తాగే నీళ్ళలో నైట్రేట్ చేరేది ఇలాగే. డ్రిప్‌ను విలన్‌ని చేయకండి.

ఊటచెలమ
ఒప్పుకుంటా. నైట్రేట్ సంగతి నేను చెప్పి ఉండాల్సింది. ఇక వాగులో తేలితే, ఆ వాగు మీద బతికేవాడు దిగువన ఒకడుంటాడు. మనం "మిగిల్చింది" వాడి వాటా. అక్కడ బోరు బదులు వాగు ఎండుతుంది, అంతే తేడా. డ్రిప్ చెడ్డదని నేననడం లేదు. సాగు పెంచకుండా నాలుగెకరాల దగ్గరే ఆగి ఉంటే 240 కాస్తా 220 అయ్యేది. లాభమే, కాకపోతే అమ్మినవాళ్ళు చెప్పిన 40 శాతం కాదు.

నిశాచరుడు
పక్కదారి పడుతున్నందుకు తిట్టుకోకండి. నాకు నక్షత్రాలు చూసే పిచ్చి. ఎల్‌ఈడీ బల్బులొచ్చినప్పుడు వీధి దీపాల కరెంటు తగ్గుతుంది, పనిలో పనిగా ఆకాశమూ చీకటవుతుందని సంబరపడ్డా. జరిగింది తలకిందులు. ఉపగ్రహాలతో కొలిస్తే 2012 నుంచి 2016 దాకా రాత్రిపూట భూమి మీద దీపాలు వెలిగే విస్తీర్ణం ఏటా 2.2 శాతం చొప్పున పెరిగింది. దీపం చవకయ్యేసరికి అంతకుముందు దీపం లేని చోటల్లా పెట్టారు. చెట్ల చుట్టూ కూడా. చెట్టుకు రాత్రి దీపమెందుకు? పిట్టకు నిద్ర పట్టొద్దా?

మౌనమేమేలు
పక్కదారి కాదు, ఇదే దారి.

ఉప్పుగాలి
ఆరేళ్ళు చేపల పడవ మీద పనిచేశాను. బోరుబావి గారి కథ చదువుతుంటే మాకు పాత పడవ యజమాని చెప్పిన మాట గుర్తొచ్చింది. "వల నిండుగా వస్తుంటే సముద్రం నిండుగా ఉందనుకోకు" అనేవాడు. అప్పుడు అర్థం కాలేదు.

కెనడా తూర్పు తీరం, న్యూఫౌండ్‌లాండ్. అక్కడ కాడ్ చేప ఐదొందల ఏళ్ళు పట్టారు. 1968లో పట్టుబడి 8 లక్షల టన్నులు దాటింది. తర్వాత పడిపోయింది. 1977లో 200 మైళ్ళ దాకా సముద్రం తమదేనని ప్రకటించి, బయటి ఓడలు పోయాయి కాబట్టి ఇక ఇబ్బంది లేదని ప్రభుత్వం ధీమాగా కోటాలు పెట్టింది. ఆ కోటాలకు ఆధారం ఏంటో తెలుసా? ఓడకు గంటకు ఎన్ని చేపలు పడుతున్నాయన్నది ఒక పెద్ద ఆధారం. ఆ లెక్క బ్రహ్మాండంగా ఉండేది. ఎందుకంటే కాడ్ గుంపుగా తిరిగే చేప. మిగిలినవన్నీ ఒకచోట చేరతాయి, ఓడలో శబ్దంతో చేపల జాడ పట్టే సోనార్ ఉంటుంది, నేరుగా వెళ్ళి ఆ గుంపు మీద వల వేస్తారు. చివరి గుంపు దాకా వల నిండుగానే వస్తుంది.

1992 జూలైలో వేట ఆపేశారు. 30 వేల మందికి పైగా పని పోయింది. రెండేళ్ళలో చేప తిరిగొస్తుందన్నారు. 2024లో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు, అది కూడా చాలా చిన్న కోటాతో.

మీ మోటారూ అంతే. గాలి పీల్చే రోజు దాకా నీళ్ళు ధారగానే పోస్తుంది.

బోరుబావి
ఈ చివరి వాక్యం నా మోటారు గదిలో రాసి పెట్టుకుంటా. రెండోసారి పైపు దించే ముందు రోజు కూడా ధార బాగానే ఉంది.

గడ్డిపరక
చూశారా, నేను మొదట చెప్పిందే. ఎవరిదీ కాని వస్తువును అందరూ దోచుకుంటారు. హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1968లోనే చెప్పాడు. ఉమ్మడి పచ్చికలో ప్రతివాడూ ఇంకో ఆవును తోలతాడు, చివరికి గడ్డి మిగలదు. భూమి ఎవరిదో ఒకరి సొంతమైనా కావాలి, లేదా ప్రభుత్వం కొరడా పట్టుకునైనా కూర్చోవాలి.

లెక్కలపిచ్చి
పైన ఉప్పుగాలి చెప్పింది చదివారా? అక్కడ కొరడా పట్టుకుని కూర్చున్నది ప్రభుత్వమే.

పాతటపా
గడ్డిపరక గారూ, అదే హార్డిన్ తర్వాత తన మాట సవరించుకున్నాడు. తను చెప్పింది "నిర్వహణ లేని" ఉమ్మడి ఆస్తి గురించి అనుకోవాలన్నాడు. ఆ ఒక్క మాట ముందే చేర్చి ఉంటే ఇన్నేళ్ళ గొడవ తప్పేది.

ప్రభుత్వ కొరడాకు ఇంకో ఉదాహరణ మధ్య ఆసియాలోని అరల్ సముద్రం. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం దానిలో కలిసే రెండు నదులనూ, అమూ దర్యా, సిర్ దర్యా, పత్తి చేలకు మళ్ళించింది. దోచుకున్న గొల్లవాడు ఎవడూ లేడు అక్కడ. ఇంజనీర్లు, ప్రణాళికలు, లక్ష్యాలు. సముద్రం తగ్గుతుందని వాళ్ళకు ముందే తెలుసు, పత్తి విలువ చేపల విలువకన్నా ఎక్కువని లెక్కేసుకున్నారు. ఆ లెక్కలో రాయనిది ఏంటంటే, ఎండిన అడుగు నుంచి ఉప్పు, పురుగుమందులు కలిసిన దుమ్ము లేచి మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోతుందని. మొయినాక్ అనే రేవు పట్టణంలో ఓడలు ఇసుకలో కూర్చుని ఉన్నాయి. అమూ దర్యా నీళ్ళను ఎడారి మీదుగా మళ్ళించిన కారకుమ్ కాలువకు అడుగున లైనింగ్ కూడా వేయలేదు, దారిలోనే బోలెడు నీళ్ళు ఇసుకలోకి.

సగంచదివినవాడు
ఊటచెలమ గారి లెక్క ప్రకారం ఆ ఇంకినవి దాచిపెట్టినట్టు కాదా?

ఊటచెలమ
ఎడారి ఇసుకలో కాదు తండ్రీ. అక్కడ ఉప్పును పైకి తెచ్చి నేలను చవుడు చేసింది. ఎక్కడ ఇంకిందన్నదే అసలు ప్రశ్న.

మరమ్మతు
నా అనుభవం వేరే రకం. ఇరవై ఏళ్ళుగా ఫోన్లు, రేడియోలు బాగుచేస్తున్నా. మొదట్లో వచ్చే ఫోన్లకు వెనక మూత గోరుతో తీస్తే బ్యాటరీ చేతిలోకొచ్చేది. ఇప్పుడు జిగురేసి అతికిస్తున్నారు, వేడి చేసి లాగాలి, సగంసార్లు తెర పగులుతుంది. మనిషి ఏమనుకుంటాడు? "కొత్తది కొనుక్కుందాం, పాతది రీసైక్లింగ్‌కు ఇద్దాం" అని. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది, పద్ధతిగా రీసైకిల్ అయినట్టు లెక్కలోకొచ్చింది 22.3 శాతం. మిగతాదాన్ని ఎవరో కాల్చి రాగి తీస్తున్నారు, ఆ పొగ ఇంకెవరో పీలుస్తున్నారు.

ఫోను తయారీలో పొదుపు బాగానే జరిగింది. అరచేతిలో కెమెరా, రేడియో, గడియారం, టార్చి అన్నీ వచ్చేశాయి, అన్నేసి వస్తువులు మిగలాలి కదా? మిగల్లేదు, ఫోన్లు పెరిగాయి. బోరుబావి గారి మూడెకరాల బీడు నా టేబుల్ సొరుగులో ఉంది, చచ్చిన ఫోన్ల రూపంలో.

పొగగొట్టం
రీసైక్లింగ్‌ను అంత తీసిపారేయకండి. అల్యూమినియం పాతదాన్ని కరిగిస్తే, ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో 95 శాతం మిగులుతుంది. ఇది గాలి కబురు కాదు. ప్లాస్టిక్ సంగతి వేరు, అది ఒక్కోసారి నాణ్యత దిగుతూ పోతుంది. 2015 దాకా పుట్టిన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిలైంది సుమారు 9 శాతమే. "రీసైక్లింగ్ మంచిదా" అని గుండుగుత్తగా అడిగితే జవాబు లేదు. దేన్ని అని అడగాలి.

నా సొంత కథ కూడా ఒకటి. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో మురుగునీటి శుద్ధి యంత్రం ఉండేది. తనిఖీకి వస్తున్నారంటే నడిచేది. మిగతా రోజుల్లో ఆపేవాళ్ళం. చెడ్డవాళ్ళమని కాదు, అది నడిస్తే కరెంటు బిల్లు మా మేనేజరు ఖాతాలో పడేది, ఆపితే నష్టం కాలువ కింద ఉన్నవాళ్ళ ఖాతాలో పడేది. వాళ్ళు మా బ్యాలెన్స్ షీట్‌లో లేరు. అంతే. ఇన్నేళ్ళయినా ఆ వాసన తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మౌనమేమేలు
చెడ్డవాళ్ళం కాదు అంటూనే సిగ్గేస్తోందంటున్నారు. తెలిసే ఆపారు కదా.

పొగగొట్టం
తెలిసే. నా చేత్తోనే స్విచ్ ఆపాను. మీరన్నది నిజం.

లెక్కలపిచ్చి
అందుకే ధర పెట్టాలంటాను. ఆ కాలువ కిందివాళ్ళ నష్టం మేనేజరు ఖాతాలో పడితే యంత్రం వద్దన్నా నడుస్తుంది. నీళ్ళకూ అంతే. తోడే ప్రతి బిందెకూ ధర ఉంటే మూడెకరాల బీడు బీడుగానే ఉండేది.

బోరుబావి
మాస్టారూ, మీ లెక్క కాగితం మీద బాగుంది. ధర పెడితే మొదట ఆగిపోయేది నేను. మా పొలాల అవతల ఒకాయనకు నాకన్నా పదింతలు భూమి ఉంది, ఆయన కట్టేసి తోడుకుంటాడు. మట్టం దిగడం ఆగదు, నేను దిగిపోతాను.

లెక్కలపిచ్చి
నిజమే. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కొంత నీటి దాకా ఉచితం, ఆపైన ధర అని పెట్టొచ్చు. అయినా డబ్బున్నవాడికి అది అడ్డుకట్ట కాదు, టికెట్టు.

పాతటపా
అందుకే ధరకన్నా ముందు మొత్తం మీద హద్దు కావాలి. ఒక్కో వస్తువుకు ఎంత తగ్గించామన్నది కాదు, అన్నీ కలిపి ఎంత దాటకూడదు అన్నది.

ఓజోన్ కథ గుర్తుందా? 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఫ్రిజ్‌లలో చల్లదనానికి వాడే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్‌ను తినేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద రంధ్రం బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం. "తక్కువ సీఎఫ్‌సీ కారే ఫ్రిజ్ తయారుచేయండి" అని అక్కడ అడగలేదు. దేశం మొత్తం మీద ఎంత తయారవ్వాలో హద్దు పెట్టి, ఆ హద్దును దించుకుంటూ పోయి, చివరికి సున్నాకు తెచ్చారు. ఫ్రిజ్‌లు ఆగలేదు. ఓజోన్ పొర కోలుకుంటోంది, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా.

సగంచదివినవాడు
ఇక్కడ ఒక ముక్క నేను పూర్తిగా చదివాను, చెప్పనివ్వండి! సీఎఫ్‌సీ వాయువులను ఫ్రిజ్‌లోకి తెచ్చిన మిజ్లీ, పెట్రోల్లో సీసం కలపాలని కనిపెట్టిన మిజ్లీ ఒక్కడే. సీసం కలిపిన పెట్రోలు బంకుల్లో అమ్మకం పూర్తిగా ఆగింది 2021లో, అల్జీరియాతో. ఒక్క మనిషి చేసినదాన్ని కడగడానికి ప్రపంచానికి వందేళ్ళు.

నేలగంధం
సీఎఫ్‌సీ బదులు తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. వాటిని తగ్గించడానికి 2016లో కిగాలీలో మళ్ళీ ఒప్పందం. పాతటపా గారు ఈ ముక్క వదిలేశారు.

పాతటపా
వదిలేశాను, కథ అందంగా ఉందని. పట్టుకున్నందుకు సంతోషం.

గడ్డిపరక
ఓజోన్‌కు తయారీదార్లు పదుల్లో ఉన్నారు, పిలిచి కూర్చోబెట్టారు. బోర్లు లక్షల్లో ఉంటాయి. ప్రతి బోరు దగ్గరా పోలీసును పెడతారా?

మౌనమేమేలు
మొదటిసారి గడ్డిపరక మాట నాకు నచ్చింది.

ఊటచెలమ
పోలీసు అక్కర్లేదు. ఇది ఇంచుమించు బోరుబావి గారి కథే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, ఒగలాలా అనే పెద్ద భూగర్భ జలపొర మీద. అక్కడ నీళ్ళు తక్కువ తీసుకునే స్ప్రింక్లర్లకు మారమని ప్రభుత్వం సబ్సిడీలిచ్చింది. తర్వాత పరిశోధకులు చూస్తే తోడకం తగ్గలేదు సరికదా పెరిగింది. మిగిలిన నీళ్ళు, ఎక్కువ నీళ్ళు తాగే పంటల మీదికి పోయాయి.

అదే రాష్ట్రంలో వాయవ్య మూల షెరిడన్ అనే చోట రైతులే కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఏ పరికరం వాడతావో నీ ఇష్టం, మొత్తం మీద 20 శాతం తగ్గాలి. 2013 నుంచి ఐదేళ్ళకు కలిపి తడిపే ప్రతి ఎకరానికి 55 అంగుళాలు. అంటే చేను మీద అంత ఎత్తున నిలబెట్టినన్ని నీళ్ళు. వాన పడ్డ ఏడాది మిగుల్చుకో, పడని ఏడాది వాడుకో. వాళ్ళు అడిగి చట్టబద్ధం చేయించుకున్నారు, మీటర్లున్నాయి. అనుకున్నదానికన్నా ఎక్కువే తగ్గించారు. దిగుబడి కొంచెం తగ్గినా ఖర్చులూ తగ్గాయి కాబట్టి లాభం పెద్దగా దెబ్బతినలేదు. మట్టం దిగడం ఆగిందా అంటే లేదు, నెమ్మదించింది.

ఒకే రాష్ట్రం, ఒకే నేల కింది నీళ్ళు. ఒకచోట పరికరం మార్చారు, ఇంకోచోట హద్దు పెట్టుకున్నారు.

పాతటపా
ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా ఇలాంటి మనుషులనే వెతికింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. స్విట్జర్లాండులో టోర్బెల్ అనే పల్లె గురించి ఆమె రాసింది నాకు భలే ఇష్టం. కొండమీది ఉమ్మడి పచ్చికకు 1517లో పెట్టుకున్న నియమం: చలికాలమంతా నీ సొంత గడ్డితో ఎన్ని ఆవులను సాకగలవో, వేసవిలో అన్నే పైకి తోలు. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. హార్డిన్ చెప్పిన "ఇంకో ఆవు" అక్కడ నాలుగొందల యాభై ఏళ్ళ ముందే ఆగిపోయింది.

ఉప్పుగాలి
స్పెయిన్‌లో వలెన్సియాలో నీటి పంచాయితీ ఉంది. వారానికొకసారి, గురువారం మధ్యాహ్నం, చర్చి గుమ్మం ముందు. రైతులు ఎన్నుకున్న రైతులే న్యాయమూర్తులు. వాదనలన్నీ నోటిమాటే, వకీళ్ళు లేరు. యునెస్కో 2009లో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. నేనొకసారి వెళ్ళి నిలబడ్డాను. ఆ రోజు ఒక్క ఫిర్యాదూ లేదు, రెండు నిమిషాల్లో లేచిపోయారు. అంత దూరం పోయి నిరాశపడ్డా. బయటికొచ్చాక తోచింది, ఫిర్యాదు లేకపోవడమే కదా దాని పని.

గడ్డిపరక
ఇవన్నీ పదిమంది ముఖాలు తెలిసినచోట జరిగే పనులు. గాలికి ముఖం లేదు. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్ళలో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. దానికి చర్చి గుమ్మం ఎక్కడుంది?

పాతటపా
లేదు. ఆస్ట్రమ్ కూడా చిన్నచోట పనిచేసింది పెద్దచోట అలాగే పనిచేస్తుందని అనలేదు. ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా నియమాలుండాలంది. మీరడిగినదానికి ఇంకా జవాబు కట్టలేదు ఎవరూ.

గడ్డిపరక
చీడ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

సగంచదివినవాడు
నా పేరు వాడుకుంటున్నారు.

మరమ్మతు
బోరుబావి గారూ, ఇంతకీ మీరేం చేయబోతున్నారు? మేమంతా స్విట్జర్లాండు తిరిగొచ్చాం, మీరు మోటారు దగ్గరే ఉన్నారు.

బోరుబావి
మూడు వారాలు మాయమైనందుకు ఏమనుకోకండి. ఊటచెలమ గారి 240, 385 లెక్క కాగితం మీద వేసుకుని చుట్టుపక్కల తొమ్మిది మందిని పిలిచాను. ఆరుగురొచ్చారు. పదింతలు భూమి ఉన్నాయన రాలేదు, కొడుకును పంపాడు.

హద్దు మాట ఎత్తగానే రచ్చ. "నీ మూడెకరాలు ముందు ఆపు" అన్నారు. న్యాయమే. వచ్చే పంటకు ఒకటిన్నర ఎకరం వదిలేస్తున్నానని చెప్పాను, మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. 20 శాతానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది రెండింటికే. ఒకటి, అందరూ మోటారు గంటలు రాయాలి. రెండు, నెలకోసారి ఒక్కో బోరులో తాడు దించి మట్టం కొలిచి, అందరికీ కనపడేలా ఒకే పలక మీద రాయాలి. దొంగ లెక్క రాస్తే తాడు పట్టిస్తుంది.

ఆ కొడుకు మాత్రం మీటింగంతా ఒక్క మాట మాట్లాడలేదు. పోతూ పోతూ నా పుస్తకం ఒకసారి చూసిస్తానని పట్టుకెళ్ళాడు. ఆరేళ్ళ లెక్కలు. పదకొండు రోజులైంది, ఇంకా తిరిగివ్వలేదు.

సగంచదివినవాడు
సగమే అయ్యుంటుంది.